మనసు చదివే బల్ల

నా గొంతు పాడైంది కాబట్టి ఈ పని మానేశాను. వేరే కారణమేమీ లేదు. రాజులు, రాక్షసులు, సంతలో బేరాలాడే ముసలమ్మలు, కోట కాపలావాళ్లు, అందరి గొంతులూ ఏళ్ల తరబడి నేనే మాట్లాడాను. చివరికి డాక్టరు లోపలికి చూసి, అరవడం ఆపకపోతే మామూలు మాట కూడా మిగలదన్నాడు. సరే, ఆపేశాను. ఇప్పుడు హన్మకొండలో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఇదే పని మొదలుపెడుతూ, "అక్కా, జర ఏమన్న చెప్పరాదు" అని వెంటపడుతున్నారు. అరవలేను కాబట్టి రాస్తున్నాను.

పని ఏమిటంటే

మా బంధువుల్లో చాలామందికి నేనేం పని చేశానో ఇప్పటికీ తెలియదు. పేకాట ఆడిస్తానని ఒక మేనత్త ఊరంతా చెప్పింది. పేకాట కాదు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర: ఒకరు యోధుడు, ఒకరు దొంగ, ఒకరు మంత్రగత్తె. కథ నేను మొదలుపెడతాను. "మీ ముందర కోట తలుపు మూసి ఉంది, ఏం చేస్తారు?" అని అడుగుతాను. వాళ్లు చెబుతారు. అనుకున్నది జరిగిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. ఆ తర్వాత ఏమైందో మళ్లీ నేను చెబుతాను. ఇలా నెలల తరబడి ఒకే కథ నడుస్తుంది. నడిపే మనిషిని గేమ్ మాస్టర్ అంటారు. వరంగల్‌లో ఆ పేరుతో నన్ను ఎవరూ పిలవలేదు. అందరికీ పద్మక్కనే.

కత్తి యుద్ధాలు నడపడం తేలిక. ఎవరైనా నేర్చుకుంటారు. కష్టమంతా మనోశక్తులతోనే. మనసు చదవడం, ఇంకొకరి మనసును లొంగదీసుకోవడం, రాబోయేది ముందే చూడటం. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఈ శక్తులే కావాలి. ఆటలు చెడిపోయేది కూడా వీటి దగ్గరే. ఒకసారి మా బల్ల మీది మాట బయటికి పోయి, ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. కానీ ముందు శక్తులు ఎలా నడిపేవాళ్లమో తెలియకపోతే అది అర్థం కాదు.

సత్తన్న

ఈ పనిలో నాకు బాస్ అంటూ ఉన్నది ఒక్కడే, సత్తన్న. సత్తన్నకు కొత్తవాడలో పవర్‌లూమ్ షెడ్డు ఉంది. పైన ఒక గది ఖాళీగా ఉంటే మాకు ఇచ్చాడు. మగ్గాలు నడిచే రోజుల్లో ఆ గదిలో పక్కవాడి మాట వినపడదు. అందుకని మా ఆట ఆదివారం మధ్యాహ్నం పెట్టుకున్నాం. ఆ రోజు మగ్గాలు ఆగి ఉంటాయి.

ఈ ఆట ఏమిటో సత్తన్నకు మొదట్లో తెలియదు. మెట్ల మీద నిలబడి విని విని, ఒకరోజు లోపలికి వచ్చాడు. "గిది ఒగ్గు కథ లెక్కనే ఉన్నది గద పద్మా! కాకుంటే ఇనేటోళ్లు గూడ నోరు జేస్తాండ్రు," అన్నాడు. ఈ ఆటను అంత బాగా ఇంకెవరూ చెప్పగా నేను వినలేదు. మంచి బాసే కానీ ముక్కు మీద కోపం. ఏదైనా వెంటనే తేలిపోవాలి ఆయనకు. నాకేమో తొందరపెడితే ఒళ్లు మండుతుంది. ఇద్దరం చాలాసార్లు కొట్లాడుకున్నాం.

హెల్మెట్ల ఊరు

నా పాత బల్లల్లో ఒకదాని గురించే చెబుతాను. ఆ బల్ల చుట్టూ ముగ్గురే. స్రవంతి, యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివేది. వాళ్ల మేనబావ ప్రవీణ్, ఇంజనీరింగ్. ప్రవీణ్ స్నేహితుడు ఇమ్రాన్, హసన్‌పర్తి నుంచి బండి మీద వచ్చేవాడు.

ప్రవీణ్ పాత్రకు మనసు చదివే శక్తి. కోటలో ధాన్యం ఎవరో దొంగిలించారు, పట్టుకోవాలి, ఇదీ కథ. నేను వారమంతా కూర్చుని అల్లుకొచ్చాను. ప్రవీణ్ దర్బారులోకి అడుగుపెట్టి, "అందరి మనసులు చదువుతున్న," అన్నాడు. పాచిక వాడి పక్షాన పడింది. చాయ్ చల్లారకముందే దొంగ దొరికాడు, కథ ఐపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

తర్వాతి వారం నేను తెలివి చూపించాను. తలకు ఇనుప టోపీ ఉంటే మనసు చదవడం కుదరదని రూలు పెట్టాను. మంత్రికి టోపీ, వంటవాడికి టోపీ, గుర్రాలవాడికీ టోపీ. ఇమ్రాన్ నా మొహం చూసి, "ఏందక్కా, ఊరంత హెల్మెట్లే? చౌరస్తాల చలాన్లు రాస్తాండ్రా?" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల మంటగానే ఉంది. కొత్త గేమ్ మాస్టర్లందరూ చేసే పనే ఇది. శక్తి ఇస్తారు, ఆ వెంటనే దానికి అడ్డంగా గోడ కడతారు. ఇచ్చినప్పుడు వాడుకోనివ్వండి, లేకపోతే ఇవ్వకండి.

చాలా తంటాలు పడ్డాక ఒక పద్ధతి కుదిరింది. మనసు చదవడమంటే అడగడం. చదివేవాడు ఎదుటివాడి ముందు కూర్చుని, కళ్లలోకి చూసి, ఒకే ప్రశ్న అడగాలి: "నీ మనసుల ఏమున్నది?" ఎదుటివాడు చెప్పనంటే అక్కడితో ఆగిపోవాలి. చెబితే మాత్రం నిజమే చెప్పాలి. అది కూడా అతను నిజమనుకుంటున్నదే. అసలు జరిగిందేమిటో అతనికీ తెలియకపోవచ్చు. ఈ రూలు పెట్టిన తర్వాత ప్రవీణ్ తొందరపాటు చాలా తగ్గింది. దొంగ ఎవరని అడిగేవాడు కాస్తా, వంటవాడు ఎందుకు భయపడుతున్నాడని అడగడం మొదలుపెట్టాడు. కథలు బాగుపడ్డాయి.

బావ చేసిన పని

మనసును లొంగదీసుకునే శక్తి గురించి నా అభిప్రాయం ఒక్కటే. రాక్షసుల మీద వాడితే వాడుకోండి, తోటి ఆటగాడి మీద వద్దు. ప్రవీణ్ ఒకరోజు సరదాకు ఆ శక్తితో స్రవంతి పాత్రను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, "బావా, నువ్వే గొప్ప," అనిపించాడు. ఇద్దరూ బావామరదళ్లు, బయట ఇంతకన్నా ఎక్కువే పరాచికాలాడుకుంటారు. అయినా స్రవంతి పాచికలు బల్ల మీద పడేసి లేచింది.

"బయట నువ్వేమన్న అను, నేను మల్ల అంట. గీడ నా నోటితోని నువ్వు మాట్లాడుతాన్నవ్. అది నాకు నచ్చదు," అంది.

ప్రవీణ్ క్షమాపణ చెప్పే దాకా ఆట ఆపాను. ఆమె మాట న్యాయమైనది. ఆ శక్తిని ఆ రోజే మా బల్ల నుంచి తీసేశాం.

శిగం

స్రవంతి పాత్ర రాబోయేది ముందే చూసే మనిషి. నడిపేవాళ్లకు అన్నిటికన్నా ఇబ్బందికరమైనది ఈ శక్తే, ఎందుకంటే ముందు ఏం జరుగుతుందో మనకే తెలియదు, పాచికలు తేల్చాలి. నేనొక బొమ్మ లాంటిది చెప్పేదాన్ని: తలుపు కనపడుతోంది, నీళ్లు కనపడుతున్నాయి, అని. దాన్ని మాటల్లో పెట్టడం స్రవంతి వంతు. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ జాతరల్లో అమ్మవారు పూని శిగమూగే శివసత్తులను చూసి పెరిగింది. జుట్టు విరబోసుకుని, ఊగుతూ, గొంతు మార్చి పలికేది. నాకే ఒళ్లు జలదరించేది.

నేను మొదట చెప్పిన ఆ సంగతి జరిగిన ఆదివారం, కథలో ఇమ్రాన్ యోధుడి పాదం ఒక రాతి ద్వారంలో ఇరుక్కుంది. ద్వారపాలకుడు పాదం కోసి ఇస్తే వదులుతానంటాడు. స్రవంతి ఊగుతూ లేచింది. "ఇయ్యకు! ఆ కాలు ఇయ్యకు! ఇస్తే ఇల్లు చీకటయితది!" అని అరిచింది. ఇమ్రాన్ ఇవ్వలేదు. పాచిక వేస్తే రాయి పగిలింది. కేకలు, చప్పట్లు.

కింద, ఆగిన మగ్గాల మధ్య కూర్చుని కండెలకు నూలు చుడుతున్న లచ్చమ్మ ఆ మాటలు విన్నది.

లచ్చమ్మ సత్తన్న దగ్గర పనిచేస్తుంది. ఆమె భర్త కొమురయ్య ఇంట్లో మగ్గం మీద షత్రంజీ తివాచీలు నేసేవాడు. షుగర్ వల్ల అతని పాదానికి పుండు పడి, వేళ్లు నల్లబడ్డాయి. పాదం ముందు భాగం తీసేయాలని, ఆలస్యమైతే మోకాలి దాకా పోతుందని, ప్రాణానికీ ముప్పని పెద్ద దవాఖానలో చెప్పారు. సోమవారం చేర్చుకుంటామన్నారు. ఇవేవీ అప్పటికి మాకు తెలియవు.

సోమవారం పొద్దున సత్తన్న ఫోన్ చేశాడు. "నువ్వు, ఆ పిల్ల జల్ది రాండ్రి," అన్నాడు. వెళ్లేసరికి షెడ్డు ముందు లచ్చమ్మ కొబ్బరికాయ, పసుపు, రవికె గుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. స్రవంతిని చూడగానే కాళ్ల మీద పడబోయింది. స్రవంతి భయపడి వెనక్కు జరిగింది.

"తల్లీ, కాలు ఇయ్యద్దని నువ్వు పలికినవ్. గందుకే దవాఖానకు తీస్కపోలే. ఇగ ఏ కట్టు గట్టాలె, ఏం మొక్కాలె, గది గూడ చెప్పు," అంది లచ్చమ్మ.

కొమురయ్య పాదం సంగతి సత్తన్న చెబితే అప్పుడు నాకు విషయం అర్థమైంది. అది ఆట అని, ఇమ్రాన్‌తో అన్న మాట అని స్రవంతి ఎంత చెప్పినా లచ్చమ్మ చిరునవ్వుతో తల ఊపింది. "శిగమొచ్చినోళ్లకు ఏం పలికిండ్రో యాదుండదు బిడ్డా. నీకెట్ల తెలుస్తది?" అంది.

కాదంటున్నకొద్దీ ఆమె నమ్మకం గట్టిపడుతోంది.

స్రవంతి నన్ను పక్కకు లాగింది. కళ్లలో నీళ్లు. "అక్కా, మల్లొకసారి శిగమొచ్చినట్టు జేస్త. కాలు ఇయ్యి, దవాఖానకు పో అని చెప్త. ఇంటది గద!"

"చెయ్యి బిడ్డా, జల్ది చెయ్యి," అన్నాడు సత్తన్న.

నేను వద్దన్నాను.

"నీ రూళ్లు వట్టుకొని కూసో! ఆడ మనిషి పోతాండు," అని సత్తన్న నా మీద లేచాడు.

రూలు కోసం కాదు. ఆపరేషన్ బల్ల మీద కొమురయ్యకు ఏమైనా అయితే, అమ్మ పంపి చంపిందంటారు. ఆ అమ్మ స్రవంతి. ఇరవై రెండేళ్ల పిల్ల జీవితాంతం మోయాలి. అన్నీ బాగుంటే ఇంకా కష్టం, రేపటి నుంచి బస్తీలోని రోగులందరూ ఆమె గడప ముందే. ఇది సత్తన్నకు చెప్పాను. ఆయన చల్లబడలేదు, కానీ అడ్డం రాలేదు. "మరేం జేస్తవో గదన్న చెప్పు," అన్నాడు.

కొమురయ్యను ఇంటి నుంచి మా పై గదికి తీసుకురమ్మన్నాను. లచ్చమ్మను కూడా. ఇమ్రాన్‌కు, ప్రవీణ్‌కు ఫోన్ చేశాను. వాళ్లకు కాలేజీ ఉంది. అయినా వచ్చారు.

బల్ల దగ్గర కొమురయ్య

మగ్గాలు ఆపించి, కొమురయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కుర్చీని ఇద్దరు పిల్లలూ మెట్ల మీదుగా మోసుకొచ్చారు. కొమురయ్య బక్కపలచని మనిషి, నోరు మాత్రం పెద్దది. "జర పైలం పిలగాండ్లూ, దవాఖానకు పోకుంటనే కాలిరుగుతది," అని దారంతా వాళ్లను ఆటపట్టించాడు. పాదానికి గుడ్డ చుట్టి ఉంది. గదిలో వాసన తెలుస్తూనే ఉంది.

ఆదివారం జరిగిందంతా మళ్లీ ఆడి చూపించాం. పాచికలు అతని చేతికిచ్చాను. ఇరవై ముఖాల పాచికను తిప్పి తిప్పి చూశాడు.

"అంటే అమ్మ పలుకుడు గీటితోనేనా?"

"అమ్మ కాదన్నా. స్రవంతే," అన్నాను.

"కాలు ఇయ్యద్దన్నది నాతోని కాదా?"

"ఇమ్రాన్‌తోని."

కొమురయ్య ఒంగి ఇమ్రాన్ కాళ్లు చూశాడు. "గీయన కాళ్లు మంచిగనే ఉన్నయ్ గద!" అన్నాడు. స్రవంతికి ఏడుపులోనే నవ్వొచ్చింది.

లచ్చమ్మ గోడకు ఆనుకుని అంతా చూస్తోంది. చేతిలోని కొబ్బరికాయను మెల్లగా కింద పెట్టింది. ఆమెకు అర్థమైందని నాకు తెలిసింది. హమ్మయ్య అనుకున్నాను.

"సరే, ఆటనే. సమజయింది," అన్నాడు కొమురయ్య. "ఐనా నేను దవాఖానకు పోను."

సత్తన్న తల పట్టుకున్నాడు. నాకూ ఏం చేయాలో పాలుపోలేదు. అడ్డమంతా స్రవంతి మాటే అనుకున్నాను. అది తీసేసినా మనిషి కదలడం లేదు. ఇలాంటి చోట గేమ్ మాస్టర్లు గబగబా మాట్లాడతారు. నేనూ నోరు తెరిచాను. అంతలో ప్రవీణ్ తన కుర్చీ జరుపుకుని కొమురయ్య ఎదురుగా కూర్చున్నాడు. దర్బారులోకి వస్తూనే అందరి మనసులూ చదివేస్తానన్న పిల్లవాడే.

"కాకా, మా ఆటల మనసు చదివేది నేనే," అన్నాడు. "చదువుడంటే ఏం లేదు, అడుగుడే. చెప్పనంటే అడుగ. చెప్తే నిజం చెప్పాలె. అడుగాల్నా?"

కొమురయ్య నవ్వబోయి ఆగాడు. "అడుగు."

"నీ మనసుల ఏమున్నది?"

కొమురయ్య పాచికను వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

"కాలు గురించి అనుకుంటాండ్రు అందరు," అన్నాడు చివరికి. "మగ్గం తొక్కుడెట్లని పరేశాన్ అయితాన అనుకుంటాండ్రు. కాలు గాదు. మత్తు. మా నాయినకు మత్తిచ్చిండ్రు. మల్ల లేవలే. లోపలికి తీస్కపోయేటప్పుడు నాతోని మాట్లాడుకుంటనే పోయిండు. నాకు గా మత్తంటే భయం. సిగ్గైతాంది చెప్పుకోనీకి."



"గిది నాకెందుకు చెప్పలే?" అంది లచ్చమ్మ.

"నువ్వెప్పుడడిగినవ్?"

లచ్చమ్మ గోడ దగ్గర నుంచి వచ్చి, ఖాళీ కుర్చీ లాక్కుని ప్రవీణ్ ముందు కూర్చుంది. ఆమె ఎప్పుడూ మా ముందు కుర్చీలో కూర్చోలేదు.

"నన్ను గూడ అడుగు బిడ్డా."

ప్రవీణ్ నా వైపు చూశాడు. తల ఊపాను. "నీ మనసుల ఏమున్నది పెద్దమ్మా?"

"సంతకం నన్ను వెట్టుమన్నరు," అంది లచ్చమ్మ. మొగుడి వైపు చూడలేదు. "నేను సంతకం వెట్టినంక ఏమన్న అయితే, వీళ్ల అన్నదమ్ములు, బస్తోళ్లు, అందరు నేనే సంపిన్నంటరు. రాత్రులు నిద్ర వట్టలే. మొన్న గా మాట ఇనవడంగనే పానం లేసొచ్చింది. అమ్మ వద్దన్నదంటే నా మీదుండదు గద. ఈయన లేకుంట నేను ఒక్కదాన్ని ఉండుడు నాతోని కాదు. ఐనా గా మాటనే వట్టుకున్న."

అని కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు. కొమురయ్య చెయ్యి చాపి ఆమె కొంగు పట్టుకుని కిందికి లాగాడు.

"నా సంతకం నేనే వెట్టుకుంట," అన్నాడు. "ఆటో పిలువుండ్రి. జల్ది పిలువుండ్రి, మల్ల మనసు మారుతది."

ఇమ్రాన్ అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

దవాఖానలో కొమురయ్యను చేర్చుకున్నాక, మత్తు గురించి ప్రవీణే డాక్టరును అడిగాడు. పూర్తి మత్తు కాదట, నడుము కిందికే. మనిషి మెలకువగానే ఉంటాడట. ఆ సంగతి అంతవరకూ కొమురయ్యకు తెలియదు, అతని భయం డాక్టరుకూ తెలియదు. అనుకున్న చోటే పాదం తీశారు, పైకి పోలేదు. లోపల ఉన్నంతసేపూ కొమురయ్య మాట్లాడుతూనే ఉన్నాడని, ఆపమని బతిమాలాల్సి వచ్చిందని నర్సు చెప్పింది.

బయటికి వచ్చిన డాక్టరు లచ్చమ్మతో, "చెప్పిన టైముకు రాకపోతే ఇక రాడనుకున్నాం కదమ్మా, ఎవరు ఒప్పించారు?" అని అడిగాడు.

"ఎవలు ఒప్పియ్యలే సారూ," అంది లచ్చమ్మ. "అడిగిండ్రు, చెప్పినం."